బతికున్న వెర్షన్లు ఎన్నో, బ్రాంచ్‌లు అన్నే

2018 ఫిబ్రవరి మధ్యలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా వార్తల్లోకెక్కింది. ఆ అక్షరమున్న సందేశం ఐఫోన్‌కు వస్తే వాట్సాప్ మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూతపడేది. అదే సందేశం నోటిఫికేషన్‌గా వచ్చిందంటే హోమ్ స్క్రీనే కుప్పకూలేది. ఐఫోన్‌ను తెలుగు అక్షరం పడగొట్టిందని చాలాచోట్ల రాశారు గానీ తప్పు అక్షరానిది కాదు. జ, దాని పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు, చివర దీర్ఘం, ఈ ఐదూ ఇదే వరుసలో వస్తే, తెరమీద అక్షరాలను పేర్చే కోర్‌టెక్స్ట్ అనే ఆపిల్ సాఫ్ట్‌వేర్ భాగం లెక్క తప్పి మెమరీని పాడుచేసేది. మనం రోజూ రాసే జ్ఞానంలో ఆ కనపడని గుర్తు ఉండదు కాబట్టి తెలుగువాళ్లు మామూలుగా రాసుకున్నవేవీ ఫోన్లను ఆపలేదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇలాంటి వరుసలతోనే ఫోన్లు ఆగిపోతాయని కొద్ది రోజుల్లోనే తేలింది.

వార్తలు పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. నాకు అసలు సంగతి అదే అనిపిస్తుంది. ఈ లోపం బయటపడేనాటికి దానికి మందు సిద్ధంగా ఉంది. జనం చేతుల్లో ఉన్నది జనవరి 23న విడుదలైన ఐఓఎస్ 11.2.5. ఆ మర్నాటి నుంచే పరీక్షకు బయటికొచ్చిన 11.3 బీటాలో ఈ అక్షరాలు ఏ ఇబ్బందీ పెట్టలేదు. అయినా ఆపిల్ 11.3ను హడావుడిగా జనం మీదికి వదల్లేదు. బ్యాటరీ ఆరోగ్యం చూపే ఏర్పాటు లాంటి కొత్త సంగతులు అందులో ఇంకా పరీక్షలోనే ఉన్నాయి. ఫిబ్రవరి 19న 11.2.6 అనే చిన్న విడుదల వచ్చింది. 11.2.5 మీద ప్రధానంగా ఈ ఒక్క మరమ్మతుతో వచ్చిన విడుదల అది. మాక్, వాచ్, టీవీలకు కూడా అదే రోజు సవరణలు వచ్చాయి. 11.3 తన సమయానికి, మార్చి 29న వచ్చింది. ఒకే సాఫ్ట్‌వేర్ అప్పుడు రెండు దారుల్లో నడుస్తోందన్నమాట. ఒకటి జనం వాడుతున్నది, ఇంకొకటి రేపటికి తయారవుతున్నది. మరమ్మతు ముందున్న దారిలో పుట్టింది, వెనకున్న దారికి కూడా చేరాల్సి వచ్చింది. రెండు దారులూ విడివిడిగా ఉండబట్టే అది రోజుల్లో సాధ్యపడింది.

ఈ వ్యాసంలో నా వాదన దీనిమీదే నిలబడుతుంది. కోడ్‌ను ఎన్ని దారులుగా, అంటే ఎన్ని బ్రాంచ్‌లుగా, ఎక్కువకాలం నిలబెట్టాలన్నది జట్టులో ఎంతమంది ఉన్నారన్న దాన్నిబట్టి తేల్చకూడదు. ఎన్ని వెర్షన్లు ఇంకా ఇతరుల చేతుల్లో బతికున్నాయో దాన్నిబట్టి తేల్చాలి. అలా బయటికి వెళ్లిన ప్రతిదానికీ ఒక ట్యాగ్ ఉండాలి, ఆ ట్యాగ్ మళ్లీ కదలకూడదు. వినడానికి చిన్న సంగతే. ఆచరణలో దీన్ని తలకిందులు చేసే జట్లు చాలా ఉన్నాయి. మనిషికో బ్రాంచ్ తెరిచి నెలల తరబడి వదిలేస్తారు, విడుదలకు మాత్రం గుర్తు పెట్టరు.

బ్రాంచ్, ట్యాగ్ అంటే లోపల ఏముంటుందో దగ్గరగా చూస్తే ఈ వాదన ఎందుకో తెలుస్తుంది. కోడ్ చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్ కొత్తదేమీ కాదు. బెల్ ల్యాబ్స్‌లో 1972లోనే ఎస్‌సీసీఎస్ పుట్టింది. తర్వాత ఆర్‌సీఎస్, సీవీఎస్, 2000లో సబ్‌వెర్షన్ వచ్చాయి. ఇప్పుడు దాదాపు అందరూ వాడేది గిట్. లినక్స్ కెర్నెల్ బృందం అప్పటిదాకా ఉచితంగా వాడుకుంటున్న బిట్‌కీపర్ ఇక ఉచితంగా దొరకదని తేలాక, 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని రాయడం మొదలుపెట్టాడు. గిట్‌లో మనం కమిట్ చేసిన ప్రతిసారీ ఆ క్షణాన ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో ఒక చిత్రం నిలుస్తుంది. ఆ చిత్రం, దానికి ముందున్న కమిట్, రాసినవారి పేరు, తేదీ, వివరణ అన్నీ కలిపి లెక్కగడితే 40 అక్షరాల సంఖ్య ఒకటి వస్తుంది. ఒక్క కామా మారినా ఆ సంఖ్య మారిపోతుంది. బ్రాంచ్ అంటే ఆ 40 అక్షరాలు, ఒక కొత్త లైను గుర్తు, మొత్తం 41 బైట్లున్న చిన్న ఫైలు, అంతే. కోడ్‌కు నకలేమీ తయారుకాదు. ఆ బ్రాంచ్ మీద ఉండి మళ్లీ కమిట్ చేస్తే ఫైల్లోని సంఖ్య కొత్త కమిట్‌దిగా మారుతుంది. కదలడమే బ్రాంచ్ స్వభావం. ట్యాగ్ కూడా ఒక కమిట్ వైపే చూపిస్తుంది గానీ మనం ఎన్ని కమిట్లు చేసినా తనంతట అది కదలదు. వివరణతో కూడిన ట్యాగ్ అయితే ఎవరు పెట్టారు, ఎప్పుడు, ఎందుకు అన్నది కూడా దాంట్లోనే ఉంటుంది. కావాలంటే డిజిటల్ సంతకం కూడా చేయవచ్చు.

ఓరుగల్లు సీమలో దీనికి దగ్గరి పోలిక ఒకటి ఉంది. బమ్మెర పోతన భాగవతంలో స్కంధం ముగిసేచోట ఒక గద్య వస్తుంది. తండ్రి కేసన పేరు, తన పేరు, ముగిసింది ఏ స్కంధమో అందులో కవే చెబుతాడు. భాగవతమంతా పోతన చేతిమీదుగా మనకు దక్కలేదు. అయిదో స్కంధం గంగన, ఆరోది సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలు వెలిగందల నారయ పూర్తిచేశారు. శతాబ్దాలపాటు తాటాకుల మీద చేతులు మారినా ఏ భాగం ఎవరిదో ఇవాళ చెప్పగలుగుతున్నామంటే ఆ ముగింపు గద్యల చలవ చాలా ఉంది. వివరణతో కూడిన ట్యాగ్ చేసే పని ఇదే. ఇక్కడికి ఇది ముగిసింది, ముగించినవారు ఫలానా, అని రాసి పెట్టడం.

ట్యాగ్, బ్రాంచ్ కలిసి ఎలా పనికొస్తాయో చూడటానికి ఇక వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వద్దాం. అక్కడి పత్తి కొనుగోలు కౌంటర్లలో తూకం, ధర చూపే తక్‌పట్టీలు రాసే ప్రోగ్రాం ఒకటి ఉందనుకుందాం. ఇది ఊహే గానీ అందులోని లెక్క మాత్రం నిజమైనది. భారత పత్తి సంస్థ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది, ఆపైన 12 శాతం దాకా తేమ పెరిగేకొద్దీ ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొనదు. సీజన్ మొదట్లో 1.4.0 అని ట్యాగ్ పెట్టి ప్రోగ్రాంను కౌంటర్లకు పంపారు. తయారీ జట్టు ప్రధాన బ్రాంచ్‌లో ముందుకు సాగిపోయింది. మిరపకు, మొక్కజొన్నకు కొత్త తెరలు కడుతోంది. అవి సగంలో ఉన్నాయి. దీపావళి దాటాక ఒక కౌంటర్ నుంచి ఫిర్యాదు వచ్చింది. తేమ సరిగ్గా 12 శాతమున్న పత్తిని ప్రోగ్రాం తిరస్కరిస్తోంది. వెతికితే, 12 లేదా అంతకంటే తక్కువ అని ఉండాల్సిన చోట 12 కంటే తక్కువ అని ఉంది. మార్చాల్సింది ఒక్క గుర్తే. రైతుకు మాత్రం అది బండెడు పత్తి తీసుకుని ఇంటికి తిరిగిపోవడం.

ఇప్పుడేం చేయాలి? ప్రధాన బ్రాంచ్‌ను ఉన్నదున్నట్టు కౌంటర్లకు పంపితే సగం కట్టిన మిరప తెర కూడా వెళ్లిపోతుంది. అది పూర్తయ్యేదాకా ఆగితే పత్తి సీజన్ ఆగదు. దారి ఒక్కటే. ప్రధాన బ్రాంచ్‌లో గుర్తును సరిచేసి, ఆ సవరణకు ఒక పరీక్ష కూడా రాయాలి. తర్వాత 1.4.0 ట్యాగ్ దగ్గరికి వెళ్లి అక్కడి నుంచి 1.4 అనే బ్రాంచ్ తీయాలి. ఆ ఒక్క కమిట్‌ను మాత్రం అక్కడికి తెచ్చి అతికించాలి. గిట్‌లో దీన్ని చెర్రీ పిక్ అంటారు. పరీక్షలు నడిపి, 1.4.1 అని కొత్త ట్యాగ్ పెట్టి కౌంటర్లకు పంపాలి. ఐఫోన్ విషయంలో బయటికి కనిపించిన వరుస కూడా ఇదే. ఇందులో గమనించాల్సింది, 1.4 బ్రాంచ్ విడుదల రోజున పుట్టలేదు, అవసరం పడ్డాక పుట్టింది. ట్యాగ్ ఉంది కాబట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు అక్కడి నుంచి బ్రాంచ్ తీయవచ్చు. ట్యాగ్ పెట్టకపోతే కౌంటర్‌లో నడుస్తున్నది ఏ కమిట్ అన్న వెతుకులాటతోనే రోజంతా పోతుంది.

మరి మనిషికో బ్రాంచ్ ఉంటే తప్పేమిటి, ఎవరి పని వారి దగ్గర భద్రంగా ఉంటుంది కదా అని చాలామంది అడుగుతారు. రెండు మూడు రోజుల పనికి విడి బ్రాంచ్ మంచిదే, గిట్‌లో దానికి ఖర్చు కూడా లేదు. ఇబ్బంది మెర్జ్ దగ్గర వస్తుంది. రెండు బ్రాంచ్‌లను కలిపేటప్పుడు గిట్ ఆ రెండూ విడిపోయిన చోటు వెతికి, అక్కడి నుంచి ఎవరు ఏ పంక్తులు మార్చారో పోల్చి చూస్తుంది. ఒకే పంక్తిని ఇద్దరూ వేర్వేరుగా మారిస్తే ఆగి, మీరే తేల్చండి అంటుంది. వేర్వేరు పంక్తులైతే కిమ్మనకుండా కలిపేస్తుంది. అది చూసేది పంక్తులను, అర్థాన్ని కాదు. మన తక్‌పట్టీ ప్రోగ్రాంలో తూకం చెప్పే ఫంక్షన్ కిలోల్లో జవాబిచ్చేదనుకోండి. ఒకరు తమ బ్రాంచ్‌లో దాన్ని క్వింటాళ్లలోకి మార్చి, పాత కోడ్‌లో దాన్ని పిలిచే చోట్లన్నీ శ్రద్ధగా సరిచేశారు. అదే సమయంలో ఇంకొకరు మరో బ్రాంచ్‌లో, మరో ఫైల్లో, తరుగు లెక్కకు ఆ ఫంక్షన్‌నే కొత్తగా పిలిచారు, కిలోలే వస్తాయనుకుని. ఇద్దరి కోడూ విడిగా సరైనదే. మెర్జ్‌లో ఒక్క కాన్‌ఫ్లిక్ట్ కూడా రాదు. తక్‌పట్టీలో తరుగు నూరు రెట్లు తప్పుతుంది. బ్రాంచ్‌లు ఎంతకాలం విడిగా ఉంటే ఇలాంటి మౌన తప్పిదాలకు అంత చోటు. వారంలో కలిపితే ఇద్దరికీ చేసిన మార్పు గుర్తుంటుంది, మూడు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ కలిసి 2018లో ప్రచురించిన యాక్సిలరేట్ పుస్తకంలో, బాగా పనిచేసే జట్లలో ఒకేసారి నడిచే బ్రాంచ్‌లు మూడుకు లోపేననీ, అవి ఒక రోజు నిండకముందే ప్రధాన బ్రాంచ్‌లో కలిసిపోతాయనీ రాశారు.

దీనికి ఎదురుగా నిలబడే ఉదాహరణ లినక్స్ కెర్నెల్ అనిపించవచ్చు. వేలమంది రాస్తారు, బోలెడు బ్రాంచ్‌లు ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే అదే నా వాదనకు గట్టి సాక్ష్యం. టోర్వాల్డ్స్ ప్రధాన బ్రాంచ్ ఒక్కటే. ప్రతి తొమ్మిది పది వారాలకు ఒక విడుదల. మొదటి రెండు వారాలే కొత్త పనులను కలుపుకుంటాడు, మిగిలిన వారాల్లో మరమ్మతులు మాత్రమే, వారానికో ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్) ట్యాగ్. ఇది కాకుండా దీర్ఘకాలం నిలిచే బ్రాంచ్‌లు 6.1, 6.6, 6.12 లాంటివి. అవి ఎందుకున్నాయంటే ఆ కెర్నెళ్లు సర్వర్లలో, ఫోన్లలో, టీవీ పెట్టెల్లో ఇంకా నడుస్తున్నాయి కాబట్టి. వాడేవారి అవసరం తీరిన బ్రాంచ్‌ను మూసేస్తారు. ఆ పాత బ్రాంచ్‌లకు ఒక ఖండితమైన నియమం ఉంది. ముందు ప్రధాన బ్రాంచ్‌లో చేరిన మరమ్మతునే వెనక్కి తీసుకుంటారు. ఈ నియమం లేకపోతే పాత వెర్షన్‌లో సరిచేసిన లోపం వచ్చే కొత్త వెర్షన్‌లో మళ్లీ తలెత్తుతుంది. వాడేవారికి అంతకంటే కోపం తెప్పించేది లేదు.

పోతన పేరు ఇక్కడ ఇంకోవిధంగా కూడా కనిపిస్తుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 అనే యూనికోడ్ ఫాంట్లు డెబియన్ లినక్స్‌లో ఒక ప్యాకేజీగా దొరుకుతాయి. డెబియన్‌లో ఒకేసారి స్థిరమైనది, పరీక్షలో ఉన్నది, ఇంకా కుదురుకోనిది అని మూడు ధారలు నడుస్తుంటాయి. డెబియన్ 12 వచ్చింది 2023 జూన్‌లో, 13 వచ్చింది 2025 ఆగస్టులో. 13 వచ్చినా 12 వాడేవారు ఉన్నారు కాబట్టి దానికి భద్రతా సవరణలు అందుతూనే ఉన్నాయి. ప్యాకేజీ సంఖ్యలో హైఫన్‌కు ముందున్నది ఫాంటు తయారుచేసినవారి వెర్షన్, తర్వాతది డెబియన్‌వారు దాన్ని ఎన్నోసారి కట్టారో చెప్పే అంకె. ఎవరి మార్పు ఎవరిదో సంఖ్యలోనే తేలిపోతుంది.

అంత పెద్ద ఏర్పాటు మా చిన్న వెబ్‌సైట్‌కెందుకు అన్నది న్యాయమైన అభ్యంతరం. దానికి జవాబు, అక్కర్లేదు అనే. విన్సెంట్ డ్రీసెన్ 2010 జనవరిలో రాసిన గిట్ ఫ్లో పద్ధతి ఎంతో ప్రచారమైంది. డెవలప్, రిలీజ్, హాట్‌ఫిక్స్, మాస్టర్ అని బ్రాంచ్‌ల చట్రం అది. ఎక్కడ చూసినా కళ్లు మూసుకుని దాన్నే వాడారు. పదేళ్ల తర్వాత, 2020 మార్చిలో, డ్రీసెనే ఆ వ్యాసం పైన ఒక మాట చేర్చాడు. ఎప్పటికప్పుడు కొత్త కోడ్ ఎక్కిస్తూ పోయే వెబ్ అప్లికేషన్‌కు ఇంతకంటే తేలికైన పద్ధతి చాలనీ, సంఖ్యలతో విడుదలయ్యే, ఒకేసారి అనేక వెర్షన్లను నిలబెట్టాల్సిన సాఫ్ట్‌వేర్‌కు తన పద్ధతి ఇంకా సరిపోవచ్చుననీ దాని సారం. తాను కనిపెట్టినదానికి తానే ఎల్ల గీయడం మెచ్చుకోదగ్గ పని. వెబ్‌సైట్‌కు లోకంలో బతికున్న వెర్షన్ ఒక్కటే, ఇవాళ సర్వర్‌లో ఉన్నది. కాబట్టి ఒక ప్రధాన బ్రాంచ్, ఎక్కించిన ప్రతిసారీ ఒక ట్యాగ్, అంతే చాలు. ట్యాగ్‌నూ మానేద్దామా అంటే మాత్రం ఒప్పుకోను. నిన్న రాత్రి పదింటికి సర్వర్‌లో ఏముందో చెప్పలేని జట్టు తిరిగి ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పలేదు. 2012 ఆగస్టు 1న అమెరికా స్టాక్ మార్కెట్‌లో నైట్ క్యాపిటల్ సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ ఎక్కించి ఒకదాన్ని వదిలేసింది. ఆ ఒక్కదాంట్లో ఏనాటిదో పాత కోడ్ మేల్కొని 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. మధ్యలో కంగారుపడి ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేయడంతో అవి కూడా పాత కోడే నడిపాయి, నష్టం ఇంకా పెరిగింది. ట్యాగ్ ఒక్కటే ఇలాంటి ప్రమాదాన్ని ఆపదు. వెనక్కి వెళ్లేటప్పుడు డేటాబేస్, సెట్టింగులు కూడా ఆ కోడ్‌కు సరిపోవాలి. కానీ ఏ యంత్రంలో ఏ ట్యాగ్ ఉందో చూసే అలవాటు ఉంటే ఆ ఎనిమిదోది మొదటి చూపులోనే తేడాగా కనిపిస్తుంది.

ట్యాగ్ కదలకూడదు అన్నదే అన్నిటికంటే తరచుగా తప్పే నియమం. 1.4.1 పంపించాక ఒక ఫైలు మరిచిపోయామని తెలుస్తుంది. ట్యాగ్‌ను చెరిపి, కొత్త కమిట్ మీద అదే పేరుతో మళ్లీ పెట్టేద్దామన్న ఆశ పుడుతుంది. బలవంతం చేస్తే గిట్ ఒప్పుకుంటుంది కూడా. అయితే మొదటి ట్యాగ్‌ను అప్పటికే తెచ్చుకున్నవారి కంప్యూటర్లలో పాతదే ఉంటుంది. ఒకే పేరు, రెండు వేర్వేరు కోడ్‌లు. అవతలివారు 1.4.1లో లోపం ఉందంటే, ఏ 1.4.1 అన్న ప్రశ్నకు జవాబుండదు. తప్పు జరిగిందని ఒప్పుకుని వేరే పేరు పెట్టండని గిట్ మాన్యువలే సలహా ఇస్తుంది. 1.4.2 అని పెడితే సరిపోతుంది, అంకెలకు కరువు లేదు. దీని తీవ్రత 2025 మార్చిలో లోకానికి తెలిసొచ్చింది. గిట్‌హబ్‌లో 23 వేలకు పైగా రిపాజిటరీలు వాడుతున్న టీజే యాక్షన్స్ వారి చేంజ్డ్ ఫైల్స్ అనే సాధనంలోకి దాడి చేసినవారు చొరబడి, దాని వెర్షన్ ట్యాగ్‌లను తమ దొంగ కమిట్ వైపు తిప్పేశారు. ఆ సాధనాన్ని ట్యాగ్ పేరుతో పిలుచుకున్నవారి రహస్య తాళాలు బిల్డ్ లాగ్‌లలో అచ్చయ్యాయి. 40 అక్షరాల కమిట్ సంఖ్యతో పిలుచుకున్నవారిలో దాదాపు అందరూ క్షేమంగా బయటపడ్డారు. ట్యాగ్ అన్నది పెట్టినవారి మాట మీద నిలిచేది. ఆ మాటను సంతకంతో, రిపాజిటరీ నియమాలతో కాపాడుకోవాలి. ఇతరుల కోడ్‌ను తెచ్చుకునేటప్పుడు ఆ మాటతోపాటు కమిట్ సంఖ్యను కూడా రాసిపెట్టుకోవాలి.

2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరిచాక, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే హైదరాబాదే అన్న మాట వరంగల్‌లో కొంత సడలింది. 1959లో ఆర్‌ఈసీగా మొదలైన నిట్ నుంచి కిట్స్, కాకతీయ విశ్వవిద్యాలయ కళాశాలల దాకా ఏటా వందల కొద్దీ ఫైనలియర్ ప్రాజెక్టులు తయారవుతాయి. వాటిని దిద్దే అధ్యాపకులకు ఒక విన్నపం. ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో విద్యార్థి పేరు, హాల్ టికెట్ నంబరు కింద ఇంకో గడి పెట్టించండి. సమర్పించిన కోడ్ ట్యాగ్ పేరు, దాని కమిట్ సంఖ్య అందులో రాయాలి. వైవా రోజున ఆ ట్యాగ్‌నే తెరిచి, దాన్నే నడిపించి చూడండి. ముందురోజు రాత్రి ఇంకేదైనా సరిచేసుకున్నామని వాళ్లంటే వద్దనకండి, దానికి కొత్త ట్యాగ్ పెట్టుకుని రమ్మనండి.